మార్తమ్మ టీచర్ గారి అమెరికా కటింగ్

కర్టెన్ గుడ్డల కంపెనీ మనిషి కొత్త శాంపిల్ పుస్తకం తెచ్చి నా అంగడి బల్ల మీద పెట్టి పోయాడు. అట్ట తెరవగానే జిగురు, రంగుల సిరా, ఎండకు కాస్త వెచ్చబడిన నున్నటి కాగితం అన్నీ కలిసిన వాసన గుప్పుమంది. కడపలో ఎండాకాలం మధ్యాహ్నం పూట అంగడికి ఎవరూ రారు. కరెంటు కూడా పోయింది. ఆ పుస్తకంలో ముఖం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మా అబ్బాయి చూసి ఉంటే అమ్మకు ఎండదెబ్బ తగిలిందనుకునేవాడు. నాకు కనిపించింది మార్తమ్మ టీచర్. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు నా చుట్టూ ఎవరూ లేరు. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

మార్తమ్మ టీచర్ మా ఊరి మిషన్ కాంపౌండులో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేవారు. మా ఊరు నంద్యాల నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. నేను పదో తరగతిలో లెక్కలు తప్పాను. తప్పడమంటే అలా ఇలా కాదు, నా పేపరు చూసి లెక్కల సారు పక్క సారును పిలిచి చూపించారట. మా నాయన సంతోషంగా 'చేన్లోకి రానీ, కలుపు తీసేదానికి లెక్కలేమిటికి' అన్నాడు. మా అమ్మ మాత్రం ఆదివారం ఆరాధన అయిపోగానే నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి టీచర్ గారి ముందు నిలబెట్టింది.

"టీచరమ్మా, దీనికి తలకాయలో ఏమీ నిలవదు. చేతుల్లోనన్నా నిలుస్తాదేమో సూడండి" అంది.

టీచర్ నా అరచేతులు తిప్పి చూశారు. ఆమెకు అప్పుడు యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని తెల్ల చీరలో ఉండేవారు. పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి కాబట్టి మాటలన్నీ నోటి మూల నుంచే వచ్చేవి. "చెమట పట్టని చేతులు. గుడ్డకు మంచివి. రేపట్నుంచి పంపించు" అన్నారు. నా జీవితంలో నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రాత్రి నా చేతులు నేనే చాలాసేపు చూసుకున్నాను.

కాంపౌండులో ఒకప్పుడు అమెరికా దొర, దొరసాని కాపురమున్న పాత బంగళా ఉంది. నేను పుట్టకముందే వాళ్ళు తమ దేశానికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు తలా ఒక వస్తువు ఇచ్చారట. ఒకరు ఇనుప మంచం తీసుకున్నారు, ఇంకొకరు గోడ గడియారం. వయసులో ఉన్న మార్తమ్మ గారు మాత్రం దొరసాని బీరువాలోని లావుపాటి బొమ్మల పుస్తకం అడిగి తెచ్చుకున్నారు. అమెరికాలో ఏదో మహానగరంలో అంతస్తుల మీద అంతస్తులున్న పెద్ద అంగడి ఒకటి ఉందట. అక్కడ దొరికే ఆడవాళ్ళ బట్టలు, టోపీలు, చెప్పులు, సోఫాలు, దీపాలు, దుప్పట్లు అన్నిటినీ ఆ అంగడివాళ్ళు ఆ పుస్తకంలో అచ్చువేసి కొనేవాళ్ళకు పంపేవారట. 'మంచం అడిగింటే పండుకునేదానివి గదా' అని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేసినా టీచర్ ఖాతరు చేయలేదు.

"మంచం మీద పండుకుంటే రాత్రికి ఒక్క కలే వస్తాది. దీంట్లో పేజీకొకటి ఉండాది" అనేవారు మాతో.

బంగళా హాల్లోనే మా తరగతి. శుక్రవారం సాయంత్రం కత్తిరింపులు ఊడ్చేసి, సబ్బుతో చేతులు కడుక్కుని చాప మీద గుండ్రంగా కూర్చుంటే ఆ పుస్తకం బయటికి వచ్చేది. టీచర్ గారికి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గాని అర్థం తెలియదు. అర్థం ఆమె బొమ్మల్లో వెతుక్కునేవారు. ఈమె ఎలీసబెత్తమ్మ, బజారుకు బయలుదేరింది. ఈమె ఆమె చెల్లెలు, కొంచెం టెక్కు. ఈ సోఫా మీద పూలు చూడండి, కూర్చుంటే నలుగుతాయేమోనని ఈమె అంచుమీద కూర్చుంది. ఇలా చెప్పుకుంటూ పోయేవారు. బయట వేడిగాలికి వేపచెట్లు గలగలమనేవి. మాకు మాత్రం ఏదో చల్లటి దేశపు వీధిలో, మెత్తటి చెప్పులేసుకుని చప్పుడు కాకుండా నడుస్తున్నట్టుండేది.

మాలో ప్రతి పిల్లకూ ఆ పుస్తకంలో ఒక ఇల్లు ఉండాలని టీచర్ నియమం. ఎవరికి నచ్చిన గది వాళ్ళు ఎంచుకోవాలి. ఎంచుకున్నాక మార్చకూడదు. నాది కిటికీ పక్కన ఎత్తు దీపం, దాని కింద గుండ్రటి తివాచీ ఉన్న గది. నీళ్ళకోసం బోరింగు దగ్గర బిందెలు వరసపెట్టి నిలబడ్డప్పుడు కూడా మేము ఆ ఇళ్ళలోనే ఉండేవాళ్ళం. "సుగుణా, నీ ఇంటికి వస్తాండామే, కాఫీ పెట్టు" అని వెనకనుంచి ఎవరో అరిచేవారు. "రాండి రాండి, తివాచీ తొక్కకండి" అనేదాన్ని నేను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఈ పిల్లలకు ఎండ తలకెక్కిందని నవ్వేవారు. ఒక ఇంట్లో ఉంటూ ఇంకో ఇంట్లో బతకడం నాకు అప్పుడే అలవాటయింది.

ఇక అమెరికా కటింగ్ సంగతి. ఆ పుస్తకంలోని ఆడవాళ్ళందరివీ పొట్టి కోట్లు, మోకాలి దాకా తిన్నగా దిగే లంగాలు. కుచ్చుల్లేవు, చేతులకు మడతల్లేవు, గుండీలు కూడా అవసరమైనన్నే. టీచర్ ఏళ్ళ తరబడి ఆ బొమ్మలు చూసి ఒక తీర్మానానికి వచ్చారు. "దొరసానులకు కుచ్చులంటే గిట్టవు. గుడ్డ తక్కువ, అందం ఎక్కువ. అదే వాళ్ళ గొప్ప" అనేవారు. బొమ్మలో నడుము మీద వేలు పెట్టి, మా నడుము మీద జానపెట్టి, పాత పేపరు మీద కొలతలు గీసి మా లంగాలకు, రవికెలకు, చిన్నపిల్లల గౌన్లకు ఆ పద్ధతి తెచ్చారు. వానలు ముఖం చాటేసిన ఏండ్లవి. ఇళ్ళల్లో కొత్త గుడ్డ కొనడమే గగనం. క్రిస్మసుకు కుచ్చుల్లేని లంగా కట్టుకుని గుడికి పోతే గుడ్డ చాలక కుట్టారనుకుంటారేమోనని మా అమ్మ బెంగపడింది. నేను తల ఎగరేసి "అమెరికా కటింగమ్మా" అన్నాను. మరుసటి క్రిస్మసుకు పక్క పల్లెలవాళ్ళు కూడా వచ్చి అదే కావాలని అడిగారు.

ఒక పేజీలో ఒక అమ్మాయి కుర్చీ మీద కాలుపెట్టి, పిక్క వెనక నిలువుగా సన్నటి గీత గీసుకుంటూ ఉంటుంది. పక్కనే చిన్న సీసా. "ఇది వాళ్ళ గోరింటాకు. మనం చేతులకు పెట్టుకుంటాం, వాళ్ళు పిక్కలకు" అని టీచర్ తేల్చేశారు. నేను ఊరుకుంటానా? కాటుకతో రెండు పిక్కలకూ గీతలు గీసుకుని ఇంటికి పోయాను. మా నాయనమ్మ జేజి బొగ్గు అంటుకుందనుకుని తడిగుడ్డతో తోలు ఊడేలా రుద్దింది.

అంతా బాగున్నప్పుడే ఏదో ఒకటి వస్తుంది కదా. గుడి పైకప్పు కురుస్తోంది. సంఘ పెద్ద దానియేలు గారు బంగళా హాలును ఎరువుల గోదాముకు బాడుగకిస్తే పైకప్పు బాగుచేయించుకోవచ్చన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, వానాకాలంలో ప్రసంగం మధ్యలో ఆయన నెత్తిమీదే చుక్కలు పడేవి. కానీ హాలు పోతే కుట్టు మిషన్లు పెట్టుకునే చోటు లేదు, తరగతి ఉండదు, నేను చేన్లోకి. లెక్కలు తప్పినదాన్నయినా ఈ లెక్క నాకు వెంటనే తెలిసిపోయింది. టీచర్ గారికి ఆ హాలు తప్ప వేరే ఇల్లూ వాకిలీ లేవు. ఒక మూల మంచం వేసుకుని అక్కడే ఉండేవారు.

సరిగ్గా అప్పుడే పాస్టరయ్య గారు ఒక కబురు తెచ్చారు. పాత దొరసాని కూతురు ఆ ఎండాకాలం మన దేశం వస్తోందట, తను చిన్నప్పుడు పెరిగిన బంగళా చూసిపోతుందట. ఆమె ఒక్క మాట చెబితే పెద్దలు కాదనరని టీచర్ నమ్మారు. మేమూ నమ్మాం. "ఆయమ్మకు వాళ్ళ దేశపు గదే చూపిస్తాం. ఈ ఆడోళ్ళు ఇంత పని నేర్చినారా అని నోరు తెరవల్ల" అన్నారు టీచర్. పుస్తకంలో అన్నిటికంటే అందమైన పేజీ తీశారు. దాంట్లో పూల గలేబు తొడిగిన సోఫాలో ఒకామె దీపం పక్కన కూర్చుని ఉన్ని అల్లుతూ ఉంటుంది. ఆమె వెనక కిటికీలకు నేలదాకా నల్లటి కర్టెన్లు.

మేము ఎంత పని చేశామో చెబితే నమ్మరు. బెంచీకి గోనెపట్టా చుట్టి, లోపల మా చేన్ల పత్తి కూరి సోఫా చేశాం. పాత చీరల పూలు కత్తిరించి గలేబుకు అతికి కుట్టాం, పక్కన ఒక దీపం పెట్టాం. మందపాటి ముతక గుడ్డను అండాలో నల్లరంగు వేసి ఉడకబెడితే మోచేతుల దాకా నల్లబడ్డాయి. దానియేలు గారు అటుగా వస్తూ ఆరేసిన గుడ్డలు చూసి నిలబడిపోయారు.

"ఏం మార్తమ్మా, ఎవరు పోయినారని ఈ నల్ల పరదాలు? మంచి శుక్రవారం గుడక అయిపోయె గదా."

"బొమ్మలో నలుపే ఉండాదయ్యా. దొరసానుల ఇంట్లో నలుపంటే మర్యాద."

"మర్యాదో, మైలో. ఆయమ్మ వచ్చి పోయినాక తీసెయ్."

దొరసాని కూతురు వచ్చింది. ఎండాకాలంలో రావద్దని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. ముఖమంతా ఎర్రగా కందిపోయింది. బొరుగుల ఉగ్గాని తినిపించి, మజ్జిగ ఇచ్చి, హాల్లోకి తీసుకొచ్చాం. అమెరికా కటింగ్ బట్టల్లో వరసగా నిలబడ్డాం. బయట మండే వెలుగులోంచి ఆమె ఆ గదిలోకి అడుగుపెట్టి, సోఫానూ దీపాన్నీ చూసి, నల్ల కర్టెన్లు చూసి ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి ఒక అంచు పట్టుకుంది. ఏడ్చింది. నిజంగానే అపశకునం చేశామా అని నేను టీచర్ వైపు చూశాను.

ఆమె సోఫా మీద కూర్చుని నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. పాస్టరయ్య గారు వింటూ వింటూ మాకు చెప్పారు. "అమ్మగారు ఏమంటాండారంటే, వాళ్ళు సముద్రం ఒడ్డున ఊర్లో ఉన్నప్పుడు ప్రపంచ యుద్ధం జరుగుతాండెనంట. నాయన గారు సైన్యంలోకి పోయినారంట. దీపం వెలుగు శత్రువుల కంట పడకుండా వాళ్ళమ్మ పొద్దుగూకినాక ఇట్లాంటి నల్ల పరదాలు దించేదంట. నాయన వస్తాడో రాడోనని వీళ్ళిద్దరూ దీపం కాడ కూర్చోనుండేవాళ్ళంట. యుద్ధం అయినాక నాయన తిరిగొచ్చి, అందరూ ఈడికి వచ్చినారంట."

టీచర్ పుస్తకం తెచ్చి ఆమె ఒడిలో పెట్టారు. ఆమె పేజీలు తిప్పుతూ నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్కటీ చెప్పింది. గుడ్డంతా సైనికులకు పోయేదట. అందుకని కుచ్చులు పెట్టొద్దని, మడతలు పెట్టొద్దని సర్కారే కట్టడి చేసిందట. మేజోళ్ళు నేసే దారం కూడా యుద్ధానికే. మేజోళ్ళు తొడుక్కున్నట్టు కనబడాలని ఆడపిల్లలు పిక్కల మీద కుట్టుగీత గీసుకునేవారట.

"అయితే ఇది ఫ్యాషను కాదా అయ్యగారూ?" అన్నారు టీచర్.

"కాదంట మార్తమ్మా. గుడ్డ ల్యాకనంట."

మాలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు. టీచర్ రెండు గుండుసూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకున్నారు. సాయంత్రం దొరసాని కూతురు అందరినీ కౌగిలించుకుని కారెక్కింది. హాలు గురించి ఎవరూ ఆమెను అడగలేదు. ఆ ఏడుపు చూశాక ఎవరికీ నోరు రాలేదు. అడిగినా ఆమెకు ఏ అధికారమూ లేదని, మామూలు బడిపంతులమ్మ అని పాస్టరయ్య గారు తరువాత చెప్పారు.

ఆ శుక్రవారం పుస్తకం బయటికి రాలేదు. చేతులు కడుక్కుని కూర్చున్నాం, టీచర్ మిషన్‌కు నూనె వేస్తూ ఉండిపోయారు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఇన్నేండ్లూ తప్పు చెప్పినానే సుగుణా. కరువు బట్టలు కుట్టి, గొప్పోళ్ళ బట్టలని మీకు తొడిగిస్తిని" అన్నారు. నేను ఆమె చేతిలోని నూనె డబ్బా అందుకున్నాను. మర్నాడు పొద్దున్నే కర్టెన్లు విప్పేద్దామని నిచ్చెన తెమ్మన్నారు. నేను తేలేదు. నిచ్చెన కనబడలేదని నిస్సిగ్గుగా అబద్ధమాడాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సంతోషమే.

ఆదివారం ఆరాధన అయ్యాక హాలు సంగతి తేల్చడానికి పెద్దలు అక్కడే కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. గుడిలో చెమటతో తడిసిన చొక్కాలతో వచ్చి చాపల మీద చతికిలబడ్డారు. కాసేపటికి దానియేలు గారు కండువా తీసి పక్కన పెట్టారు. ఇంకాసేపటికి గోడకు ఆనుకున్నారు. ఎవరూ మాట మొదలుపెట్టడం లేదు. ఒకాయన కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఏమప్పా, ఈడ ఇంత సల్లగా ఉండాది?" అన్నారు దానియేలు గారు చివరికి.

టీచర్ మిషన్ దగ్గర నుంచి లేచారు. "పరదాలయ్యా. తీసెయ్యమంటిరి గదా, ఇంకా తీయలేదు. వాళ్ళు లోపలి వెలుగు బయటికి పోకుండా కట్టుకున్యారు. మనకు బయటి ఎండ లోపలికి రాకుండా ఆగుతాండాది. నాకు తెలిసి చేసింది కాదు. తెలియకనే చేసినా. గోదాము పెట్టుకుంటే మీ ఇష్టం, ఈ పిల్లోళ్ళకు మాత్రం ఇంకో చోటు చూపించండి."

ఆయన లేచి ఒక కర్టెను అంచు ఎత్తి, బయటి ఎండ చూసి మళ్ళీ దించారు. "గోదాముకు వేరే చోటు చూద్దాం లేప్పా" అన్నారు. తరువాత "మార్తమ్మా, మా ఇంటి పడమటి కిటికీకి ఒక జత కుట్టిస్తావా" అని కూడా అడిగారు. ఆ ఎండాకాలం మా ఊళ్ళో ఎన్ని కిటికీలు నల్లబడ్డాయో! కొత్తగా వచ్చినవాళ్ళు చూస్తే ఊరంతా మైలలో ఉందనుకునేవాళ్ళు.

మరుసటి శుక్రవారం పుస్తకం మళ్ళీ బయటికి వచ్చింది. టీచర్ దాన్ని తెరిచి, ఎప్పటిలా ఎలీసబెత్తమ్మ కథ చెప్పలేదు. పొట్టి కోటు వేసుకున్నామె బొమ్మ మీద వేలు పెట్టి మా అందరి ముఖాలూ చూశారు.

"ఈమె మొగుడు యుద్ధంలో ఉన్నాడో ఏమో. గుడ్డ ల్యాదు, మేజోళ్ళు ల్యావు. సరిగ్గా సూడండి. భుజాలు ఎట్ల పెట్టిందో, మెడ ఎట్ల ఎత్తిందో. ఈమెకు కరువని నాకు ఇన్నేండ్లు తెలియనియ్యల్యా. కుట్టు మీకు ఎవరన్నా నేర్పుతారు. నా కాడ ఈ నిలబడేది నేర్చుకోండి."

ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆ హాల్లో నాతోపాటు నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. నేను కర్టెన్లూ సోఫా గలేబులూ కుట్టి బతుకుతున్నాను, బాగానే బతుకుతున్నాను. మా అంగడికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇళ్ళలో మగవాళ్ళు కువైట్‌లో ఉంటారు. మొన్న ఒకమ్మాయి వచ్చింది, ఒళ్ళో పసిబిడ్డ. ఒక్క గది అద్దెకుంటోందట.

"ఆంటీ, గోడ పెచ్చులూడిపోయింది. ఆయన ఫోన్లో చూసి బాధపడతాండాడు. నా ఎనక అడ్డంగా ఏదో ఒక గుడ్డ ఇయ్యండి" అంది.

'ఏదో ఒక గుడ్డ' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. అంగడి మా అబ్బాయికి అప్పజెప్పి ఆమె గదికి వెళ్ళాను. వెలుగు ఎటునుంచి పడుతుందో చూశాను, ఆమె ముఖానికి ఏ రంగు నప్పుతుందో చూశాను. మరునాడు సాయంత్రం లేత పసుపు రంగు గుడ్డ, కుచ్చులు తక్కువ పెట్టి, నేనే మేకులు కొట్టి వేలాడదీశాను. ఇంకా నిచ్చెన దిగుతూ ఉండగానే ఫోను మోగింది. ఆ అమ్మాయి గబగబా జుట్టు దువ్వుకుని, బిడ్డను చంకనెత్తుకుని కర్టెను ముందు నిలబడింది. పొద్దుటి నుంచి చేసిన చాకిరీకి భుజాలు ముందుకు వాలి ఉన్నాయి. నేను వెనక నుంచి వెళ్ళి ఆ భుజాలు రెండూ పట్టుకుని మెల్లగా నిటారుగా చేశాను. "ఇట్ల నిలబడు పాపా. ఇప్పుడు ఎత్తు ఫోను" అని, ఫోన్లో కనబడకుండా గోడవారకు తప్పుకున్నాను.